భిలాయి పొగ ఎవరి పద్దులో రాయాలి?



నాగపూర్ నుంచి రాయపూర్ వైపు రైలులో వెళ్తుంటే దుర్గ్ దాటగానే భిలాయి వస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఉక్కునగరంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి చిమ్నీలను చూపించి "ఈ పొగ ఎవరిది?" అని అడిగితే మీరేమంటారు? "కర్మాగారానిదే, వేరే చెప్పాలా?" అంటారు. ఇప్పుడు మీరు ఎక్కిన రైలు కింద ఉన్న పట్టా గురించి ఆలోచించండి. భారతీయ రైల్వేకు పట్టాలు అందించే ప్రధాన కర్మాగారం భిలాయిదే. పట్టా తయారైనప్పుడే ఆ పొగలో కొంత పుట్టింది. మరి అది కర్మాగారం పొగా, పట్టా కొన్న రైల్వే పొగా, రైలెక్కిన మన పొగా?

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. నిప్పు ఎక్కడుందో కనిపెట్టడం తేలిక. ఆ నిప్పు ఎవరి అవసరం కోసం రాజుకుందో చెప్పడమే కష్టం. ఈ రెండో ప్రశ్నకు జవాబు వెతకడానికి ఆర్థికశాస్త్రం ఇచ్చిన సాధనం ఒక పట్టిక. దాని పేరు ఉత్పాదక-ఉత్పత్తి పట్టిక. ఇంగ్లీషు పేరుతో ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టిక అని కూడా అంటారు. ఉక్కు, బొగ్గు, విద్యుత్తు వంటివి ఎంతెంత ఉత్పత్తి చేయాలో తేల్చడానికి పుట్టిన ఈ పట్టిక, తర్వాతి కాలంలో అవి వదిలే పొగను లెక్కగట్టడానికి ఉపయోగపడింది. ఆ చరిత్రను భిలాయిని ఉదాహరణగా తీసుకుని ఈ పాఠంలో తెలుసుకుందాం.

కొలిమిలో ఏం జరుగుతుంది?

ముందుగా కొంచెం రసాయనశాస్త్రం. బ్లాస్ట్ ఫర్నేస్‌లో పైనుంచి ఇనుప ఖనిజం, కోక్, సున్నపురాయి వేస్తారు. కింది భాగం నుంచి వేడిగాలి ఊదుతారు. కోక్‌లోని కార్బన్ ముందు కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ఆ వాయువు ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కుని కార్బన్ డై ఆక్సైడ్ అవుతుంది. మిగిలింది ఇనుము. ఒక ఫెర్రిక్ ఆక్సైడ్ అణువు నుంచి రెండు ఇనుప పరమాణువులు, మూడు కార్బన్ డై ఆక్సైడ్ అణువులు వస్తాయి. ద్రవ్యరాశుల్లో చెప్పాలంటే 112 పాళ్ల ఇనుముకు 132 పాళ్ల కార్బన్ డై ఆక్సైడ్. అంటే ఈ సమీకరణం ప్రకారమే టన్ను ఇనుముకు సుమారు 1.18 టన్నుల కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతుంది.

ఇది కేవలం సమీకరణం చెప్పే మాట. కోక్ తయారీకి, గాలిని వేడిచేయడానికి, పట్టాలు సాగదీసే రోలింగ్ మిల్లులకు కూడా ఇంధనం కావాలి. సున్నపురాయి వేడెక్కినప్పుడు కూడా కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది. ఇవన్నీ కలిపి, మన దేశంలో టన్ను ముడి ఉక్కుకు సగటున సుమారు 2.5 టన్నుల కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతోందని కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ 2024 నివేదిక చెబుతోంది.

అయితే కథ కొలిమి దగ్గర మొదలవదు. భిలాయికి ఇనుప ఖనిజం చిరకాలంగా దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ-రాజహరా గనుల నుంచి వస్తోంది. సున్నపురాయి నందిని గనులది. డోలమైటు హిర్రీది. కోకింగ్ బొగ్గులో కొంత ఝరియా వైపు నుంచి, కొంత విదేశాల నుంచి ఓడల్లో విశాఖపట్నం చేరి అక్కడి నుంచి రైలులో వస్తుంది. గనిలో డీజిల్ కాలుతుంది, పేలుడు పదార్థాలు వాడతారు. ఆ పేలుడు పదార్థాల తయారీకి మరో కర్మాగారం, దానికి విద్యుత్తు, ఆ విద్యుత్తుకు బొగ్గు. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఖనిజాన్ని మోసుకొచ్చే రైలు నడిచేది ఉక్కు పట్టాల మీదే. అంటే ఉక్కు తయారవడానికి ఉక్కే కావాలి! ఈ గొలుసును ఒక్కొక్క లంకె పట్టుకుని చేత్తో లెక్కించబోతే ఎక్కడో ఒకచోట విసిగి ఆపేయక తప్పదు. ఆపిన చోటికి అవతల ఉన్న పొగంతా లెక్కలో పడకుండా పోతుంది.

పట్టిక పుట్టుక

ఒక రంగం కొన్నది మరో రంగం అమ్మిందే కదా అన్న ఆలోచన పాతది. ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా కెనే అనే వైద్యుడు 1758లోనే దేశ సంపద రైతులు, భూస్వాములు, చేతివృత్తుల వారి మధ్య ఎలా తిరుగుతుందో ఒక పట్టికగా గీశారు. దాన్ని లెక్కకు అందే శాస్త్రంగా మలిచినవారు వాసిలీ లియోన్‌టిఫ్. ఆయన రష్యాలో పెరిగి, లెనిన్‌గ్రాడ్‌లో చదువుకున్నారు. సోవియట్ గణాంక నిపుణులు 1923-24 సంవత్సరానికి తయారుచేసిన జాతీయ ఆర్థిక లెక్కలపై 1925లో ఒక సమీక్ష రాశారు. తర్వాత అమెరికా చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1936లో ఆ దేశానికి తన తొలి పట్టికను ప్రచురించారు. 1949లో ఆయన అమెరికా ఆర్థిక వ్యవస్థను 42 సమీకరణాలుగా కుదించి హార్వర్డ్‌లోని మార్క్-2 కంప్యూటర్‌కు అందించారు. ఈ కృషికి 1973లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాలు ఏడాదికి పది లక్షల టన్నుల సామర్థ్యంతో భిలాయి కర్మాగారం కట్టడానికి ఒప్పందం కుదుర్చుకున్నాయి. అదే కాలంలో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో పి. సి. మహలనోబిస్ రెండో పంచవర్ష ప్రణాళికకు గణిత నమూనా రూపొందిస్తున్నారు. 1956లో మొదలైన ఆ ప్రణాళిక భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసింది. భిలాయితోపాటు పశ్చిమ జర్మనీ సహకారంతో రూర్కెలా, బ్రిటన్ సహకారంతో దుర్గాపూర్ కర్మాగారాలు అప్పుడే లేచాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ భిలాయి తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు.

భిలాయి ఎక్కడ కట్టాలో లియోన్‌టిఫ్ పట్టిక నిర్ణయించలేదు. మహలనోబిస్ నమూనా కూడా అంతకంటే సరళమైనది. కానీ ప్రణాళికావేత్తల ముందున్న చిక్కు మాత్రం పట్టిక తేల్చగల చిక్కే. ఉక్కు పెంచాలంటే బొగ్గు పెంచాలి. బొగ్గు మోయడానికి రైళ్లు పెంచాలి. రైళ్లకు మళ్లీ ఉక్కు కావాలి. అందుకే 1950లలోనే భారత గణాంక సంస్థలో మన దేశానికి తొలి ఉత్పాదక-ఉత్పత్తి పట్టికలు తయారయ్యాయి. మాత్రికల గణితాన్ని ముందుకు నడిపించిన మన తెలుగు గణాంకవేత్త సి. ఆర్. రావు ఆ కాలంలో అదే సంస్థలో పనిచేశారు. ఆ తర్వాత కేంద్ర గణాంక సంస్థ 1968-69 సంవత్సరానికి 60 రంగాలతో అధికారిక పట్టికను రూపొందించింది. 2003-04, 2007-08 పట్టికల నాటికి రంగాల సంఖ్య 130కి పెరిగింది.

చిన్న లెక్క చేద్దాం

పట్టిక ఎలా పనిచేస్తుందో తెలియాలంటే పెన్ను, కాగితం తీసుకోండి. అర్థం కావడం కోసం రెండే రంగాలున్న ఊహాదేశాన్ని తీసుకుందాం: ఉక్కు, విద్యుత్తు. ఇక్కడి అంకెలన్నీ ఉదాహరణకే.

రూ. 100 విలువైన ఉక్కు తయారీకి రూ. 10 ఉక్కు, రూ. 20 విద్యుత్తు కావాలనుకోండి. రూ. 100 విద్యుత్తు తయారీకి రూ. 5 ఉక్కు, రూ. 10 విద్యుత్తు కావాలనుకోండి. రైల్వే వచ్చి రూ. 100 పట్టా కావాలంది. మొత్తం ఎంత ఉత్పత్తి జరగాలి?

మొదట రూ. 100 ఉక్కు తయారవ్వాలి. దానికి రూ. 10 ఉక్కు, రూ. 20 విద్యుత్తు అదనంగా కావాలి. ఈ అదనాన్ని తయారుచేయడానికి మళ్లీ రూ. 2 ఉక్కు, రూ. 4 విద్యుత్తు కావాలి. ఆ తర్వాతి విడతలో 40 పైసల ఉక్కు, 80 పైసల విద్యుత్తు. గమనించారా? ప్రతి విడతా వెనకటి విడతలో ఐదోవంతు. ఇది మీరు ఇంటర్మీడియట్‌లో చదువుకునే గుణశ్రేఢి. చివరంటూ లేకపోయినా దీని మొత్తం కచ్చితంగా తేలుతుంది: ఉక్కు రూ. 112.50, విద్యుత్తు రూ. 25. ఇంకా ఓపిక ఉంటే రెండు సమీకరణాలు రాసి సాధించి చూడండి. ఇదే జవాబు వస్తుంది. 130 రంగాలుంటే 130 సమీకరణాలు. అప్పుడు విలోమ మాత్రికతో కంప్యూటర్ ఈ పని చేస్తుంది. అంతు లేదనుకున్న గొలుసు ఇలా ఒక్క లెక్కలో ముగుస్తుంది.

ఇప్పుడు పొగ. రూ. 100 ఉత్పత్తికి ఉక్కు రంగం నేరుగా 8 కిలోల కార్బన్ డై ఆక్సైడ్, విద్యుత్ రంగం 16 కిలోలు వదులుతాయనుకుందాం. చిమ్నీ చూసి లెక్కిస్తే రూ. 100 పట్టాకు 8 కిలోలే. కానీ రూ. 112.50 ఉక్కుకు 9 కిలోలు, రూ. 25 విద్యుత్తుకు 4 కిలోలు. మొత్తం 13 కిలోలు! మిగతా 5 కిలోలు ఆ పట్టా కోసమే వెలువడినా పట్టా తయారైన చిమ్నీ దగ్గర కనిపించవు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఉత్పత్తిదారుల పద్దులో రాస్తే ఉక్కుకు 9, విద్యుత్తుకు 4. కొన్నవారి పద్దులో రాస్తే రైల్వేకు 13. రెండు పద్దుల మొత్తమూ ఒకటే. ఆ రెంటినీ మళ్లీ కలిపి 26 అనకూడదు. పొగ ఒక్కటే, దాన్ని చూసే దారులు రెండు.

పట్టికకు ఒక కొత్త వరస

ఈ రెండో భాగాన్ని శాస్త్రంగా నిలబెట్టింది కూడా లియోన్‌టిఫే. 1970లో ప్రచురించిన వ్యాసంలో ఆయన పట్టికకు కాలుష్యం కోసం ఒక అడ్డువరస చేర్చారు. ఏ పరిశ్రమ ఎంత బొగ్గు కొన్నదో రాసినట్టే, ఏ పరిశ్రమ ఎంత మలినం వదిలిందో రాయవచ్చునన్నారు. దాన్ని శుద్ధిచేసే పనికి ఒక నిలువువరస కూడా కేటాయించారు. ఎందుకంటే శుద్ధిచేసే యంత్రాలకూ ఉక్కు, విద్యుత్తు కావాలి కదా.

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగినప్పుడు ఏ వస్తువులో ఎంత ఇంధనం దాగి ఉందన్న ప్రశ్న ముందుకొచ్చింది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన బుల్లార్డ్, హెరెండీన్ 1975లో ఆ లెక్కలు ప్రచురించారు. 1990లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏ వస్తువుకైనా వెనకున్న ఉద్గారాలను ఈ పట్టికతో అంచనా వేసే పద్ధతిని రూపొందించారు.

మన దేశంలో ముంబయిలోని ఇందిరాగాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థలో జ్యోతి పారిఖ్, మనోజ్ పాండా, ఎన్. ఎస్. మూర్తి 1990లలో ఈ పద్ధతితో ఒక ముఖ్యమైన ప్రశ్న వేశారు. పల్లెల్లోని పేదలు, పట్టణాల్లోని సంపన్నులు కొనే వస్తువుల వెనక కార్బన్ డై ఆక్సైడ్ ఎంతెంత ఉంది? తలసరి లెక్కలో వీరి మధ్య పెద్ద అంతరం ఉందని తేలింది. ఇంట్లో కాల్చే ఇంధనం మాత్రమే చూస్తే ఈ తేడా పూర్తిగా కనిపించదు. కట్టే భవనంలోని ఉక్కు, సిమెంటు, కొనే వాహనం, వాడే విద్యుత్తు కలిపి చూస్తేనే కనిపిస్తుంది.

ప్రభుత్వం ప్రకటించే జాతీయ లెక్క దీనికి భిన్నమైనది. అది నిప్పు ఉన్నచోటే పొగను రాస్తుంది. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2010లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2007లో మన దేశపు హరితగృహ వాయు ఉద్గారాలు, అడవులు పీల్చుకున్నది తీసివేయకముందు, సుమారు 190 కోట్ల టన్నుల కార్బన్ డై ఆక్సైడ్‌కు సమానం. అందులో విద్యుత్తు వాటా దాదాపు 72 కోట్ల టన్నులు, ఇనుము-ఉక్కు వాటా దాదాపు 11.7 కోట్ల టన్నులు. నిర్మాణ రంగం అలాంటి లెక్కలో పెద్దగా కనిపించదు. కానీ ఉక్కు, సిమెంటు కొనేవారి వైపు నుంచి చూస్తే ఆ రంగమే ముందుకొస్తుంది. రెండు లెక్కలూ నిజమే. అడిగిన ప్రశ్నలు వేరు.

పట్టిక చెప్పలేనిది

విజ్ఞానశాస్త్రం చదివేవారు ఏ సాధనానికైనా హద్దులు తెలుసుకోవాలి. ఈ పట్టికకు ముఖ్యంగా నాలుగు హద్దులున్నాయి.

మొదటిది సగటు. పట్టికలో భిలాయి అనే పేరు ఉండదు. ఇనుము-ఉక్కు అనే రంగం ఉంటుంది. బ్లాస్ట్ ఫర్నేస్ నడిపే భిలాయి, బొగ్గుతో స్పాంజ్ ఐరన్ తయారుచేసే రాయపూర్ పరిసరాల యూనిట్లు, పాత ఇనుమును విద్యుత్ కొలుముల్లో కరిగించే కర్మాగారాలు అన్నీ ఒకే గదిలో కూర్చుంటాయి. వాటి పొగ ఒకటి కాదు, కానీ పట్టిక అందరికీ ఒకే గుణకం ఇస్తుంది. ఒక కర్మాగారం కష్టపడి ఇంధనం ఆదా చేసినా ఆ మేలు సగటులో కరిగిపోతుంది.

రెండోది ధర. పట్టికలో టన్నులుండవు, రూపాయలుంటాయి. పట్టా ధర పెరిగితే, పొగ మారకపోయినా రూపాయికి ఇంత పొగ అన్న అంకె తగ్గుతుంది. పాత గుణకంతో కొత్త ధరను గుణిస్తే లేని పొగ పుట్టుకొస్తుంది. కోకింగ్ బొగ్గు ధర, విద్యుత్ కేంద్రాల బొగ్గు ధర ఒకటి కాదు. అందుకే జాగ్రత్తగల పరిశోధకులు ఇంధనాలను టన్నుల్లోనే ఉంచి, మిగతావి రూపాయల్లో రాస్తారు.

మూడోది కాలం. పట్టిక తయారవడానికి సంవత్సరాలు పడుతుంది. ఈలోగా సాంకేతిక పద్ధతులు మారతాయి. భిలాయి మొదట్లో ఉక్కును ఓపెన్ హార్త్ కొలుముల్లో తయారుచేసేది. తర్వాత ఆక్సిజన్ కన్వర్టర్లు వచ్చాయి. ఎనిమిదో బ్లాస్ట్ ఫర్నేస్ 'మహామాయ' 2018లో మొదలైంది. పాత పట్టికకు ఇవేవీ తెలియవు.

నాలుగోది సరిహద్దు. విశాఖ రేవులో దిగే విదేశీ బొగ్గు వెనక ఆ దేశపు గనిలో వెలువడిన మీథేన్ ఉంది. మన దేశపు పట్టిక ఒక్కటే చూస్తే అది కనిపించదు. దానికి దేశాల పట్టికలన్నిటినీ కలిపి కుట్టాలి. 2000 తర్వాత పరిశోధకులు ఆ పని చేశారు. దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఛత్తీస్‌గఢ్‌లోనే ఉంది. బైలడిల్లా ఖనిజం 1960ల నుంచి కిరండూల్-కొత్తవలస లైను మీదుగా విశాఖ చేరి ఓడల్లో జపాన్ వెళ్లింది. రాజహరా ఖనిజం పొగ భిలాయిలో లేచింది, బైలడిల్లా ఖనిజం పొగ జపాన్‌లో లేచింది.

మరి పద్దు ఎవరిది?

ఇది పరీక్షలో మార్కుల కోసం అడిగే ప్రశ్న మాత్రమే కాదు. ఐరోపా యూనియన్ తాను దిగుమతి చేసుకునే ఉక్కు, సిమెంటు, అల్యూమినియం వంటి వాటి వెనకున్న కార్బన్ వివరాలను 2023 అక్టోబర్ 1 నుంచి అడగడం మొదలుపెట్టింది. 2026 జనవరి 1 నుంచి దానికి ధర కట్టే దశ ప్రారంభమైంది. కర్మాగారం తన అసలు లెక్క చూపించలేకపోతే ముందే నిర్ణయించిన అంకెలను వాడతారు. మన సగటు గురించి ఇందాక చెప్పుకున్నది గుర్తు తెచ్చుకోండి. లెక్క లేని శుభ్రత మార్కెట్లో శుభ్రత కాదు.

మన ప్రభుత్వం కూడా 2024 డిసెంబర్‌లో హరిత ఉక్కుకు నిర్వచనం ప్రకటించింది. టన్ను తయారైన ఉక్కుకు 2.2 టన్నుల కార్బన్ డై ఆక్సైడ్ కంటే తక్కువ ఉద్గారాలుంటే అది హరిత ఉక్కు. 1.6 కంటే తక్కువైతే ఐదు నక్షత్రాలు. ఇందులో కొనే విద్యుత్తు, కోక్ వంటివి లెక్కకు వస్తాయి. గని తవ్వకం, రవాణా రావు. అంటే రాజహరా గనిలో కాలే డీజిల్ ఈ గీతకు అవతలే ఉండిపోతుంది. గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదు. కానీ గీతకు అవతల ఎంత మిగిలిందో చెప్పగలిగేది ఈ పట్టికే. అందుకే కర్మాగారం లోపల మీటర్లతో కొలిచి, బయటి గొలుసును పట్టికతో అంచనా వేసే మిశ్రమ పద్ధతిని చాలామంది నిపుణులు మెచ్చుకుంటారు.

విద్యార్థులారా! పట్టా కొన్నవారి పద్దులో పొగను రాయడమంటే కర్మాగారాన్ని విడిచిపెట్టడం కాదు. కోక్‌ను ఎంత పొదుపుగా వాడాలో, కొలిమి వాయువు నుంచి విద్యుత్తు ఎలా తీయాలో నిర్ణయించగలిగేది కర్మాగారమే. పైగా దుమ్ము, ధూళి భారం మోసేది ఆ పట్టణ ప్రజలే. ఆ భారాన్ని ఏ పద్దూ వేరేచోటికి మార్చలేదు. అయితే ఎంత ఉక్కు కావాలి, ఎలాంటి ఉక్కు కావాలి, దానికి ఎంత ధర ఇస్తాం అన్నది నిర్ణయించేది కొనేవారు. పొగను తగ్గించే తాళంచెవులు రెండు ఉన్నాయి, అవి ఇద్దరి దగ్గర ఉన్నాయి. ఏ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో చూపించడమే పట్టిక చేసే మేలు.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంటి నెలవారీ ఖర్చుల పద్దు తీసుకుని, విద్యుత్తు, వంటగ్యాస్, బస్సు చార్జీలు, బియ్యం, బట్టలు, ఇంటి మరమ్మతు అని వరసలు గీయండి. ఒక్కొక్క ఖర్చు వెనక ఏయే పరిశ్రమలున్నాయో కనీసం రెండు మెట్లు వెనక్కి వెళ్లి రాయండి. ఇంటి మరమ్మతు వరసలో ఇనుప చువ్వ వచ్చిందనుకోండి, అది ఏ కర్మాగారానిదో, దానికి బొగ్గు, ఖనిజం ఎక్కడి నుంచి వచ్చి ఉంటాయో తెలుసుకోవడానికి ప్రయత్నించండి. రెండు మెట్లు దిగేసరికే మీ కాగితం నిండిపోతుంది. మిగతా మెట్లు దిగడానికి గణితం కావాలి. గుణశ్రేఢి, మాత్రికలు ఎందుకు నేర్చుకోవాలని మీ తరగతిలో ఎవరైనా అడిగితే ఆ కాగితం చూపించండి.